శబ్దానికి అనుమతి

నా పాత కెమెరాలో ఒక అద్దం ఉండేది.
మీట నొక్కినప్పుడల్లా ఎగిరిపడి
'టప్' మనేది.
మెత్తని చోట్లు చూసి మరీ అనేది, పాపిష్టిది.
ఓబో వాయించే డెల్మిరా
ఊపిరి తెంచకుండానే కళ్ళు ఇటు తిప్పేది.
పైసాందూలో జనవరి ఎండ మీకు తెలీదు.
ఆ ఎండలో కూడా ఆ చూపు
చల్లగా తగిలేది.

అద్దం లేనిది కొందామని
మందుల షాపులో మూడు నెలలు
ఆదివారాలు కూడా నిలబడ్డాను.
మొంతెవిదేయోకి బస్సులో ఐదు గంటలు,
ఒళ్ళో మాతే ఫ్లాస్కు, లోదుస్తుల్లో డబ్బు.

ఒరోస్మాన్ ముసలాయన
పచ్చగుడ్డ మీద మూడు బాడీలు పరిచి
"ఏం తీస్తావమ్మా?" అన్నాడు.
"శబ్దం తీసేవాళ్ళను."
నవ్వలేదు.
"అయితే కళ్ళు మూసుకుని పట్టుకో.
చిటికెనవేలు గాల్లో వేలాడితే అది నీది కాదు."
మూడోదాన్ని పట్టుకుంటే
వేలికి చోటు దొరికింది.

"బాడీకి బేరమాడు,
లెన్సు దగ్గర ఆడకు" అని తనే చెప్పి
లెన్సు దగ్గర తనే తగ్గించాడు.
నూట ముప్పై ఐదు, నాకంటే పదేళ్ళు పెద్దది,
అంచున నువ్వుగింజంత బూజు.
దాన్నీ దీన్నీ కలిపే ఉంగరం ఒకటి.
బ్యాటరీలు రెండు అదనంగా,
ఎందుకంటే ఇది తిండిపోతు,
ఊరికే చూస్తున్నా తింటుంది.

ఇంటికొచ్చి రింగు తిప్పితే
పదునైన చోటల్లా ఎర్రచీమలు పారాయి
తెర మీద.
పిల్లి మీసం మీద, తలుపు గడియ మీద,
నా మోకాలి మచ్చ మీద.
రాత్రి రెండయింది.

మొదటి గురువారం రిహార్సల్లో
మూడు వందల నలభై ఫోటోలు.
ఒక్కరు తల తిప్పలేదు.
దొంగకి కూడా అంత మర్యాద దక్కదు.

తీరా చూస్తే
అందరి మొహాల మీదా చారలు.
హాలుకి మేయరు పెట్టించిన కొత్త ఎల్‌ఈడీలట,
వెలుగుతున్నట్టే ఉండి
సెకనుకి వందసార్లు ఆరిపోతాయట.
మన కంటికి ఆనదు.
ఈ మౌనపు షట్టరు పైనుంచి కిందికి
వరసవరసగా చదువుకుంటూ వస్తుంది కదా,
ఆరిన ప్రతిసారీ రాసిపెట్టుకుంది.
"నన్ను జైల్లో పెట్టావా?" అంది డెల్మిరా
తన ఫోటో చూసి.

అసలు షట్టరు వేసి
సెకనులో వందోవంతుకి పెడితే చారలు పోతాయి.
కానీ శబ్దం వస్తుంది.
చిన్నదే, అగ్గిపుల్ల విరిగినంత.
డెల్మిరా చెవికి అది చాలు.

డోళ్ళ దగ్గరుండే విల్మార్
మాటలు తక్కువ మనిషి.
వాళ్ళ నాన్నలాగే పడవల రేవులో పని.
తన స్వరాల కాగితం జిరాక్సు తెచ్చి
నా చేతిలో పెట్టాడు,
పెన్సిలు సున్నాలు చుట్టి.
"నేను కొట్టినప్పుడు నువ్వూ కొట్టు."

అప్పటినుంచి నా చోటు ఆ రాగి బానల పక్కన.
లెక్క పెట్టడం నేర్చుకున్నాను.
ముప్పై ఎనిమిది ఖాళీ బార్లు,
అంటే ముప్పై ఎనిమిది సార్లు నాలుగు.
తప్పితే మళ్ళీ కలవడం కష్టం.
కన్ను తీస్తే వ్యూఫైండరు ఆరిపోతుంది,
కెమెరాని గుండెకి ఆనించుకుని నిలబడతాను.
విల్మార్ భుజం కదులుతుంది.
నేనూ ఎత్తుతాను.
ధన్ మన్న దాంట్లో
నా అగ్గిపుల్ల ఎవరికీ వినపడదు.

ఏడాది ఫోటోలు వరసగా పెట్టి చూస్తే
మా బ్యాండు ఎప్పుడూ అరుస్తున్నట్టే ఉంటుంది.
బుగ్గలు ఉబ్బి, విల్లులు లేచి,
ఏదో మూల ఒక డోలుపుల్ల కొస.
మెత్తని చోట్లు ఒక్కటీ లేవు.
డెల్మిరా అసలు లేదు.
తన పాట ఆ ముప్పై ఎనిమిదిలోనే ఉంది మరి.

ఆ బార్లు లెక్కపెట్టడానికే వింటున్నాననుకునేదాన్ని.
ఆగస్టులో ఒక గురువారం
ఇరవై రెండో ఇరవై మూడో మర్చిపోయాను.
విల్మార్ మోచేత్తో పొడిచాడు.
ఎత్తాను, ఎర్రచీమలు ఎక్కడున్నాయో చూడకుండానే
నొక్కాను.

డెల్మిరా.
రెల్లుముక్క అప్పుడే పెదవి వదిలింది,
బుగ్గల్లో గాలి ఇంకా పోలేదు.
బూజున్న అంచులో
కిటికీ వెలుతురు కాస్త చెదిరింది.

చాలాసేపు చూసింది.
"ఇందులో నేను వాయించడం లేదు కదా."
"లేదు. అప్పుడే ఆపావు."
చొక్కా అంచుతో తెర తుడవబోతే
చెయ్యి పట్టుకున్నాను,
దానికి వేరే గుడ్డ ఉంది.
"ఒక కాపీ ఇవ్వు," అంది,
"మా అమ్మకి కాదు. నాకే."